పాత ఎస్‌ఎంపీఎస్‌తో బెంచ్ పవర్ సప్లై: మీ ప్రశ్నలు, మా జవాబులు

మూలపడ్డ కంప్యూటర్‌లోంచి తీసిన ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే) డబ్బాను పనిబల్ల మీద పవర్ సప్లైగా వాడుకోవడం గురించి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ముందుగా ఒక మాట. కరెంటు ఇవ్వడంలో ఈ డబ్బా దానకర్ణుడు. 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు అడిగినా కాదనదు. కొట్లో కొన్న బెంచ్ సప్లైలో కరెంటును కట్టడి చేసే నాబ్ ఉంటుంది, దీనికి లేదు. కింద చెప్పిన జాగ్రత్తల్లో చాలావాటికి అదే కారణం.

ప్రశ్న: సార్, నేను డిప్లొమా ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. మావయ్య నెట్ సెంటర్ మూసేసినప్పుడు 20 పిన్నుల కనెక్టర్ ఉన్న పాత 400 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఇచ్చాడు. ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు తగిలిస్తే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతోంది. పాడైపోయినట్టేనా? బెంచ్ సప్లైగా మార్చాలంటే ఏం చేయాలి?
(విద్యార్థి, ఆమదాలవలస)

జవాబు: పాడైందని అప్పుడే తేల్చేయకండి. ప్లగ్ పెట్టి, డబ్బాను లేపే ఆకుపచ్చ వైరును దేనికీ తగిలించకుండా, ఊదా వైరుకీ నల్ల వైరుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 5 వోల్టులు చూపిస్తే స్టాండ్‌బై భాగం, అంటే డబ్బా లేవకముందే పనిచేస్తుండే భాగం, బతికే ఉంది. అక్కడ ఏమీ రాకపోతే లోపల జబ్బు ఉన్నట్టే. ఎక్కువసార్లు ఆ భాగంలోని చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి.

5 వోల్టులు ఉండి కూడా ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగుతోందంటే, అవుట్‌పుట్‌లో షార్ట్ లేదని చూసుకున్నాక, మొదట అనుమానించాల్సింది లోడ్ లేకపోవడాన్ని. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో 5, 12 వోల్టులు రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వస్తాయి, రెండిటినీ కలిపి ఒకే చిప్ కాపలా కాస్తుంది. 5 వోల్టుల వైపు ఎవరూ కరెంటు తీసుకోకపోతే లెక్క తప్పి ఏదో ఒక వోల్టేజి హద్దు దాటుతుంది, రక్షణ సర్క్యూట్ వెంటనే ఆపేస్తుంది. ఎర్ర వైరుకూ నల్ల వైరుకూ మధ్య 10 ఓమ్‌ల 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా బిగించండి. అర ఆంపియర్ లాగుతుంది, 2.5 వాట్ల వేడి వస్తుంది. దాన్ని గాలిలో వేలాడదీయకుండా ఫ్యాన్ గాలి తగిలేచోట రేకు గోడకు క్లాంపుతో పట్టించండి. 12 వోల్టుల దగ్గర లోడ్ వేసినప్పుడు అక్కడ 11.4 కన్నా దిగిపోతుంటే 10 ఓమ్‌లు తీసి 4.7 ఓమ్‌లు పెట్టండి. అప్పుడు 5 వాట్ల పైన కాలుతుంది కాబట్టి వేలు పెట్టి చూడకండి. ప్రాసెసర్ కోసం విడిగా 4 పిన్నుల ప్లగ్ ఉన్న తర్వాతి రకాల్లో కొన్నిటికి లోడ్ 12 వోల్టుల వైపు కావాలి. వాటికి బైక్ ఇండికేటర్ బల్బు, 12 వోల్టులు 10 వాట్లది, సరిగ్గా సరిపోతుంది.

ఇక మార్చడం. మూత తీసే ముందు ప్లగ్ పీకి పది నిమిషాలు ఆగండి. లోపల 200 వోల్టుల పెద్ద కెపాసిటర్లు రెండు కనిపిస్తాయి. మన 230 వోల్టుల కరెంటును డీసీగా మారిస్తే 325 వోల్టులు. అది ఆ రెండిటి మీద చెరి సగం ఉంటుంది. మీటర్‌ను డీసీ 600 లేదా 1000 రేంజిలో పెట్టి ఒక్కొక్కదాన్నీ కొలవండి. 10 వోల్టుల పైన ఉంటే 2.2 కిలో ఓమ్‌ల 10 వాట్ల రెసిస్టర్‌ను తొడుగున్న క్లిప్పులతో ఐదారు సెకన్లు తగిలించి, మళ్లీ కొలవండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నిప్పురవ్వలతో ఖాళీ చేసే అలవాటు మానుకోవాలి, అది కెపాసిటర్‌కూ కంటికీ మంచిది కాదు. ప్లగ్ ఉండగా ఆ వైపు హీట్‌సింక్‌లను కూడా ముట్టకూడదు, వాటిలో కొన్ని నేరుగా మెయిన్స్ మీద ఉంటాయి.

వెనక ఎర్రటి 115/230 మీట ఉంటే 230 వైపు ఉందని చూసి, మళ్లీ జరగకుండా జిగురు పెట్టేయండి. ఎవరైనా తెలియక 115కు జరిపి ప్లగ్ పెడితే ఒక్కో కెపాసిటర్ మీద రెట్టింపు వోల్టేజి పడి టపాకాయలా పేలుతుంది.

రంగులు: పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నీలం మైనస్ 12, నలుపు గ్రౌండ్. ఒక్కో వైరు మీద 5 ఆంపియర్లకు మించి ఆశపడకూడదు. అందుకే పసుపువి మూడు, ఎరుపువి మూడు, నారింజవి రెండు, నల్లవి నాలుగైదు కలిపి పురి తిప్పి, రింగ్ లగ్‌లో పెట్టి నొక్కి, టంకం వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి ఒక్కో టెర్మినల్‌కు బిగించండి. మిగిలినవాటి చివర్లు ఒకే ఎత్తులో కత్తిరించకండి. ఎత్తుపల్లాలుగా కత్తిరించి, విడివిడిగా స్లీవ్ వేయండి.

చాలామంది పొరపడేది గోధుమరంగు వైరు దగ్గర. నారింజ వైరుతో పాటు ఒకే పిన్నులో దూరి ఉండే ఈ సన్నటి వైరు 3.3 వోల్టులు సరిగా వెళ్తున్నాయో లేదో చిప్‌కు చెప్పేది. పనికిరానిదనుకుని కత్తిరిస్తే డబ్బా లేవదు. నారింజ వైర్లతో కలిపి బిగించండి. అలాంటి సన్నటి వైరు ఎరుపు, పసుపు వైర్ల పక్కన కూడా ఉంటే వాటికీ అదే పద్ధతి.

ఆకుపచ్చ, నలుపు వైర్ల మధ్య ఒక స్విచ్. దానిగుండా పోయేది కొద్ది మిల్లీ ఆంపియర్లే కాబట్టి ఎంత చిన్నదైనా చాలు. వెలిగే సూచిక కోసం బూడిదరంగు వైరుకు ఎల్‌ఈడీ తగిలించకండి, ఆ వైరుకు అంత శక్తి ఉండదు. ఎర్ర వైరు నుంచి 330 ఓమ్‌లు వేసి ఇవ్వండి.

రేకుకు రంధ్రాలు చేసేటప్పుడు బోర్డు బయటికి తీసే తీరాలి. గోరంత ఇనుప రజను బోర్డు కింద ఇరుక్కుంటే చాలు, నెల తర్వాతైనా కొంప ముంచుతుంది. 12, 5 వోల్టుల టెర్మినళ్లకు ముందు కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజు 5 ఆంపియర్లది, మైనస్ 12కు అర ఆంపియర్ ఫ్యూజు పెట్టండి. ఫ్యూజుల దగ్గర పిసినారితనం వద్దు. షార్ట్ అయినప్పుడు డబ్బా ఆగేలోపే మీ సన్నటి వైరు ఎర్రగా కాలిపోగలదు.

మొదటిసారి కరెంటు ఇచ్చేది 100 వాట్ల ఫిలమెంట్ బల్బున్న సిరీస్ బోర్డు (డబ్బాకు కరెంటు ఆ బల్బు గుండానే పోయేలా చేసిన బోర్డు) ద్వారానే. ఎల్‌ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే మంచిది. అలాగే భగ్గున వెలుగుతుంటే లోపల షార్ట్ ఉంది, ప్లగ్ పీకేయండి. ఆ తర్వాత కొలతలు: 12 దగ్గర 11.4 నుంచి 12.6, 5 దగ్గర 4.75 నుంచి 5.25, 3.3 దగ్గర 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి.

ప్రశ్న: మాది సముద్రం పక్క ఊరు. మార్చిన ఎస్‌ఎంపీఎస్ బాగానే పనిచేస్తోంది కానీ, చెప్పుల్లేకుండా నిలబడి రేకు ముట్టుకుంటే జిల్లుమంటోంది. న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క వేస్తే పోతుందని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. వేయించమంటారా?
(పాఠకుడు, కళింగపట్నం)

జవాబు: వేయించకండి. జిల్లుమనడం పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఏదో ఒకరోజు న్యూట్రల్ తెగినా, ఎవరైనా ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసినా డబ్బా రేకు మీద 230 వోల్టులు నిలుస్తాయి. రేకుకే మీ నల్ల టెర్మినల్ కలిసి ఉంటుంది, కాబట్టి బల్ల మీద ఉన్న ప్రతి సర్క్యూటూ కరెంటు పట్టినట్టే.

డబ్బాలో తప్పు లేదు. ఫేజు నుంచి రేకుకు ఒకటి, న్యూట్రల్ నుంచి రేకుకు ఒకటి చొప్పున చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి పని రేడియో గోలను ఎర్త్‌లోకి పంపడం. మీ ఇంట్లో ఎర్త్ లేదు కాబట్టి రేకు ఆ రెండిటి మధ్య వేలాడుతూ 115 వోల్టుల దగ్గర నిలబడుతోంది. పరీక్ష చేసి చూడండి: మీటర్ ఏసీ రేంజిలో ఫేజు నుంచి ఎర్త్‌కు 230కి దగ్గరగా, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు రెండు మూడు వోల్టులు ఉండాలి. అలా లేకపోతే ఎర్తింగ్ పోయినట్టు. ఉప్పుగాలికి ఎర్త్ గొట్టం మీది క్లాంపు తుప్పు పట్టి పొడిపొడిగా రాలిపోయి, వైరు ఊరికే ఆనుకుని ఉండడం తీరంలో తరచూ కనిపించేదే. ముందు అక్కడ చూడండి. క్లాంపు కొత్తది వేయించి, ఎండాకాలం ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండండి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే వెంటనే ఆపేసే స్విచ్) కూడా పెట్టిస్తే మరీ మంచిది.

ప్రశ్న: మేము వీణలు చేస్తాం. పనస చెక్క మీద సన్నపని కోసం 12 వోల్టుల చిన్న డ్రిల్ మోటారు కొన్నాం, నడిచేటప్పుడు 4 ఆంపియర్లు లాగుతుందని రాసి ఉంది. ఎస్‌ఎంపీఎస్ మీద 12 వోల్టులు 14 ఆంపియర్లు అని ఉంది. అయినా స్విచ్ వేయగానే డబ్బా ఆగిపోతోంది. ఎందుకు?
(పాఠకుడు, గొల్లపల్లి, బొబ్బిలి)

జవాబు: మోటారుకు రాసిన 4 ఆంపియర్లు తిరుగుతున్నప్పటి లెక్క. కదలని మోటారు ఉత్త రాగితీగ చుట్టే. దాని రెండు చివరల మధ్య అర ఓమ్ ఉందనుకోండి, మొదటి క్షణంలో 12ను అరతో భాగిస్తే 24 ఆంపియర్లు. రక్షణ సర్క్యూట్ దాన్ని షార్ట్ అనుకుంటుంది. పెద్ద కెపాసిటర్ తగిలిస్తే సర్దుకుంటుందని కొందరంటారు. అది ఖాళీగా ఉన్నప్పుడు అదే ఒక షార్ట్, బాధ పెరుగుతుంది.

మందు పీడబ్ల్యూఎం స్పీడ్ కంట్రోలర్, అంటే కరెంటును చకచకా ఇస్తూ ఆపుతూ మోటారు వేగాన్ని అదుపు చేసేది. 10 ఆంపియర్లది తీసుకుని, నాబ్ సున్నా దగ్గర పెట్టి స్విచ్ వేసి, మెల్లగా పెంచండి. చెక్కులు తీసేటప్పుడు వేగం మీ చేతిలో ఉండటం మీ పనికీ మేలే. మోటారు బ్రష్‌ల చివర్ల మధ్య 100 నానోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి టంకం వేయండి. డబ్బా ఒకసారి ఆగిపోతే దానంతట అది లేవదు, మెయిన్ స్విచ్ ఆపి పది సెకన్లాగి వేయాలి.

ఇంకొకటి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ గాలితో పాటు పనస పొట్టునూ లోపలికి లాగుతుంది. ఆ మెత్తటి పసుపు పొడి హీట్‌సింక్ పళ్ల మధ్య పేరుకుని, వానాకాలం చెమ్మ పట్టి గట్టిపడుతుంది. డబ్బాను చెక్కే చోటికి దూరంగా, నడుం ఎత్తుకు పైన పెట్టి పొడవాటి మందపు వైరు లాక్కోండి.

ప్రశ్న: దీని 12 వోల్టులతో బైక్ బ్యాటరీ చార్జ్ చేయొచ్చా?
(పాఠకుడు, నెల్లిమర్ల)

జవాబు: కుదరదు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండాలంటే 13.8 నుంచి 14.4 కావాలి. పైగా డబ్బా ఆపగానే బ్యాటరీ కరెంటు వెనక్కి డబ్బాలోకి పారుతుంది. లోపలి రెసిస్టర్ మార్చి 12ను 14కు పెంచే ప్రయత్నం చేయకండి. దాంతో పాటు 5 వోల్టులూ పెరిగి రక్షణ ఆపేస్తుంది. ఆపకపోయినా అక్కడున్న 16 వోల్టుల కెపాసిటర్లు అంచు మీద నిలబడ్డట్టే. వోల్టేజిని పెంచే, కరెంటు పరిమితి ఉన్న బూస్ట్ మాడ్యూల్ వాడి, తర్వాత కరెంటును ఒకవైపే పోనిచ్చే షాట్కీ డయోడ్ ఒకటి వేసి, డయోడ్ దాటాక 14.4 ఉండేలా, కరెంటు బ్యాటరీ ఆంపియర్ అవర్లలో పదోవంతు ఉండేలా తిప్పండి. 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అర ఆంపియర్.

ప్రశ్న: మధ్యతరంగాల రేడియోలు బాగుచేస్తుంటాను. ఈ సప్లై మీద పెడితే గరగరమంటోంది.
(పాఠకుడు, టెక్కలి)

జవాబు: ఎస్‌ఎంపీఎస్ సెకనుకు కొన్ని పదుల వేలసార్లు తెరుచుకు మూసుకుంటుంది. ఆ చప్పుడు రెట్టింపులు, మూడింతలుగా సాగి మీ బ్యాండ్‌లోకే వచ్చి పడుతుంది. ఫిల్టర్లతో కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. రేడియోకు ట్రాన్స్‌ఫార్మర్ సప్లైయే వాడండి.

ప్రశ్న: మొబైల్ రిపేరు షాపు మాది. 4 వోల్టులు, 1 ఆంపియర్ దాటకుండా కావాలి. వోల్టేజిని తగ్గించే ఎక్స్‌ఎల్4015 మాడ్యూల్ తెచ్చి 12 వోల్టులకు బిగించాను. వోల్టేజి బాగానే వస్తోంది, కరెంటు పరిమితి మాత్రం ఒక్కోసారి పనిచేయడం లేదు.
(పాఠకుడు, విజయనగరం)

జవాబు: మాడ్యూల్ మంచిదే, బిగింపు చూడాలి. రెండు స్క్రూలున్న ఈ రకం కరెంటును కొలిచేది మైనస్ దారిలో. అంటే ఇన్‌పుట్ మైనస్‌కూ అవుట్‌పుట్ మైనస్‌కూ మధ్య చిన్న షంట్ రెసిస్టర్ ఉంటుంది. మీరు అవుట్‌పుట్ మైనస్‌ను డబ్బా నల్ల టెర్మినల్‌కే కలిపి ఉంటే, లేదా ఆ టెర్మినల్ రేకుకు ఆనుతుంటే, కరెంటు షంట్‌ను తప్పించుకుని పక్కదారిన పోతుంది. మాడ్యూల్‌కు అది కనిపించదు. దాని మైనస్‌కు వేరే టెర్మినల్ పెట్టి, ప్లాస్టిక్ వాషర్లతో రేకుకు అంటకుండా బిగించండి.

సర్దే పద్ధతి: ముందు వోల్టేజి స్క్రూతో 4.0 పెట్టండి. కరెంటు స్క్రూను పూర్తిగా తగ్గించి, మీటర్ 10 ఆంపియర్ల రేంజిలో అవుట్‌పుట్ ప్లస్, మైనస్‌ల మధ్య పెట్టి, మెల్లగా 1 ఆంపియర్ వచ్చేదాకా తిప్పండి. ఇంకా "ఒక్కోసారి" పనిచేయకపోతే, ఆ సమయంలో ఫోన్‌కు యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఉందేమో గుర్తు తెచ్చుకోండి. డెస్క్‌టాప్ కంప్యూటర్ గ్రౌండ్ ఎర్త్‌కు, ఎర్త్ మీ డబ్బా రేకుకు, రేకు నల్ల వైరుకు కలిసి ఉంటాయి. షంట్‌ను తప్పించే అదే పక్కదారి ఈసారి కేబుల్ గుండా తెరుచుకుంటుంది. సాఫ్ట్‌వేర్ పని బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌తో, దాని చార్జర్ పీకేసి చేయండి.