బీఎస్‌టీ పెల్లెట్లలో నష్టం తగ్గించాలంటే ముందు కొలిమి సంగతి చూడండి

బేరియం 60, స్ట్రాన్షియం 40 పాళ్లలో చేసిన టైటనేట్ (బీఎస్‌టీ) పెల్లెట్లకు, అంటే అదిమి కాల్చిన సిరామిక్ బిళ్లలకు, తక్కువ పౌనఃపున్యాల వద్ద కొలిచే ఎల్‌సీఆర్ మీటరులో నష్టం (వేడిగా పోయే విద్యుత్ శక్తి వంతు) తక్కువగానే ఉంది, 10 గిగాహెర్ట్జ్ దగ్గర మాత్రం ఫేజ్ షిఫ్టరుకు (వోల్టేజితో మైక్రోవేవ్ సంకేతపు ఫేజును జరిపే పరికరానికి) పనికిరానంతగా పెరిగింది, మెగ్నీషియం ఆక్సైడ్ కలపమంటారా అని అడిగారు. కలపండి, కానీ అది రెండో పని. హైదరాబాద్‌లోనే ఒక పరిశోధనశాలలో ఇదే పదార్థం మీద కొన్నేళ్లు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను.

ఎల్‌సీఆర్ మీటరు చూపే అంకెను పక్కన పెట్టండి. ఈ స్ఫటికాలలో సహజంగా ఉండే నష్టం పౌనఃపున్యంతో పాటే పెరుగుతూ పోతుంది. 10 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేయాల్సినదాన్ని రెజొనేటర్‌లో (నిర్దిష్ట పౌనఃపున్యం వద్ద అనునాదం చెందే అమరికలో) పెట్టి అక్కడే కొలవాలి.

ఆ తర్వాత ఒక పెల్లెట్‌ను విరిచి చూడండి. అంచు మీగడ రంగులో ఉండి నడిమి భాగం నీలం కలిసిన బూడిద రంగుకు తిరిగిందంటే లోపల ఆక్సిజన్ తక్కువైందని అర్థం. 1350 డిగ్రీలు దాటిన వేడిలో కొంత ఆక్సిజన్ బయటికి పోతుంది. అది వదిలి వెళ్లిన ఎలక్ట్రాన్లు టైటానియం మీద చేరి విద్యుత్తును పారనిస్తాయి, నష్టం అక్కడ మొదలవుతుంది. వేగంగా చల్లార్చితే ఆక్సిజన్ అంచులకే తిరిగి చేరుతుంది, నడిమికి అందదు. అందుకే నెమ్మదిగా దించండి, 1000 డిగ్రీల దగ్గర ఆక్సిజన్ ప్రవాహంలో కొన్ని గంటలు ఉంచండి. ఫర్నేసు కోసం మీ వెనుక ఎదురుచూస్తున్నవారు తొందరపెడతారు, అయినా ఈ దశను కుదించవద్దు. ఒక శాతానికి లోపు మాంగనీసు కలిపితే మిగిలిన ఎలక్ట్రాన్లను అది పట్టి ఉంచుతుంది.

గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. బేరియం టైటనేట్ క్యూరీ ఉష్ణోగ్రత, అంటే దానిలోని సహజ విద్యుత్ ధ్రువణత పోయే ఉష్ణోగ్రత, దాదాపు 120 డిగ్రీలు. ప్రతి ఒక శాతం స్ట్రాన్షియంకూ అది మూడు డిగ్రీలకు పైగా దిగుతుంది కాబట్టి, మీ మిశ్రమంలో సున్నా చుట్టుపక్కలకు వస్తుంది. దాని పైన పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రంలో శక్తిని నిల్వ చేసుకునే సామర్థ్యం) వేడితో పాటు త్వరగా పడిపోతుంది. మా గదిలో ఏసీ ఆపేసిన మే మధ్యాహ్నం ఒక విలువ, డిసెంబరు ఉదయం మరో విలువ వచ్చేవి, పెల్లెట్ అదే అయినా.

ఇక మెగ్నీషియం ఆక్సైడ్. దాని పర్మిటివిటీ పదికి దగ్గర, మీ టైటనేట్‌ది వేలల్లో. రెండూ పెద్దగా కలవకుండా విడి విడి రేణువులుగా ఉంటాయి. దీనివల్ల పర్మిటివిటీ వందలకు దిగి సర్క్యూట్‌తో ఇంపెడెన్సు కుదర్చడం తేలికవుతుంది, నష్టమూ తగ్గుతుంది. ట్యూనబిలిటీ (విద్యుత్ క్షేత్రం పెడితే పర్మిటివిటీ ఎంత వంతు మారుతుందో ఆ కొలత) కూడా తగ్గుతుంది, కానీ మొదట్లో పర్మిటివిటీ పడినంత వేగంగా కాదు. మెగ్నీషియం ఆక్సైడ్ వంతు కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతిసారీ ఒకే విద్యుత్ క్షేత్రం వద్ద ట్యూనబిలిటీని నష్టంతో భాగించి చూడండి. ఆ నిష్పత్తి తగ్గడం మొదలైన చోట ఆగండి. మందపాటి సిరామిక్‌కు మిల్లీమీటరుకు కిలోవోల్టులు కావాలి కాబట్టి, తక్కువ వోల్టేజితో నడిచే పరికరమే మీ లక్ష్యమైతే ఇప్పుడే పలుచని పొరల వైపు వెళ్లమని నా సలహా.