అప్పు తలా ఇంత అని పంచనివ్వకు

అమ్మాయ్,

నువ్వు ఉద్యోగం మానేసి పల్నాడు పల్లెల్లో కౌలు రైతుల ఆడవాళ్లతో సంఘాలు పెట్టించే పనిలో చేరుతున్నావట. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెప్పాడనడం ఎందుకులే, తిట్టాడు. ఈ పిచ్చి నీకు ఎక్కించింది నేనేనట. "నాకేం తెలుసురా" అని బుకాయించాను గానీ లోపల ఎంత మురిసిపోయానో. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. డ్వాక్రా రోజుల నుంచీ ఈ సంఘాల్లో తిరిగినదాన్ని కదా, నాకు టెన్షన్ ఉండదూ?

పంచసూత్రాలు ట్రైనింగులో చెప్తారు: సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, చెల్లింపు, పుస్తకాలు. పుస్తకం సమావేశంలోనే, అందరి ఎదుటే రాయించు. ఇంటికి తీసుకెళ్లి రాస్తానని లీడర్ అంటే ఒప్పుకోకు.

నా భయమల్లా బ్యాంకు లింకేజీ డబ్బు, అంటే సంఘానికి బ్యాంకు ఇచ్చే అప్పు, పడిన రోజు గురించే. పదిమంది సభ్యులుంటే పది సమాన వాటాలు వేసేస్తారు. గొడవ ఉండదు, లెక్క తేలిక, పైగా న్యాయంగా కూడా కనిపిస్తుంది. మా ఊరి సంఘం ఒకటి అదే చేసింది. లక్ష రూపాయలు వస్తే తలా పదివేలు. అందులో ఒకావిడ మూడెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేస్తోంది. ఆ పదివేలు కౌలు అడ్వాన్సుకే చాల్లేదు. ఇంకొకావిడ భర్తకు నెల జీతం ఉంది. ఆమెకు అప్పుతో పనే లేదు, అయినా వాటా వదులుకోలేదు. సంఘం నుంచి రూపాయి వడ్డీకి తెచ్చుకున్న ఆ పదివేలనే పత్తి వేసినావిడకు మూడు రూపాయల వడ్డీకి తిప్పింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని సంతకాలు పెట్టినవాళ్లే!

మిగతాది ఎరువుల కొట్లో అరువు. అరువిచ్చినాయనకే పత్తి అమ్మాలి, ఆయన చెప్పిన రేటుకే. పంట బాగానే పండింది. చేతికి మాత్రం ఏమీ మిగల్లేదు. వాయిదా తప్పేసరికి సమావేశంలో అందరూ ఆవిడ మీదే పడ్డారు. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా చెవి దుద్దులు తీయడం మొదలుపెట్టింది. ఒకదాని శీల ఎంతకీ రాలేదు. సబ్బునీళ్లు తెప్పించుకుని మరీ తీసి పుస్తకం మీద పెట్టింది. ఆ ఏడాది రికార్డుల్లో ఆ సంఘానిది వంద శాతం రికవరీ. ఇప్పటికీ ఎవరైనా వంద శాతం అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అందుకే డబ్బు రాకముందే ఒక్కో ఇంటికీ వెళ్లి కూర్చో. పంటేమిటి, కౌలెంత, ఏ నెలలో ఎంత కావాలి, కొట్లో పాత బాకీ ఎంత అని అడుగు. బాకీ సంగతి పదిమందిలో అడగకు, అబద్ధం చెప్తారు. అదును చూసి అప్పు ఇప్పించు. జూన్‌లో విత్తనం వేసేవాళ్లది ముందు. గేదె కొనుక్కునేవాళ్లు రెండు నెలలు ఆగినా ఏం కాదు. పోట్లాడుకుంటారు, పోట్లాడుకోనీ. నువ్వు మధ్యలో దూరి తీర్పు చెప్పకు. నీకా దుడుకు ఉంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నానుగా.

అప్పు ఇప్పించడమొక్కటే పని అనుకోకు. ఖర్చు తగ్గితే అప్పూ తగ్గుతుంది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో రైతులకు పురుగుమందులు అరువిచ్చేదీ, పత్తి కొనేదీ ఒకే వ్యాపారులు. వేపగింజల కషాయం, మగ పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టి ఆ ఊరు మందులు మానేసింది. మగవాళ్లు వెనకాడినా ఆడవాళ్ల సంఘాలు పట్టుబట్టాయి. వీలైతే మీవాళ్లను తీసుకెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడించు. మనం వంద చెప్పినా సాటి రైతు చెప్పినట్టు ఉండదు.

కౌలు కార్డు సంగతి మర్చిపోకు, కౌలు రైతుకు పంట అప్పు పుట్టడానికి సర్కారు ఇచ్చే కార్డు అది. 2019 కౌలు చట్టం ప్రకారం అది పదకొండు నెలలకు ఇస్తారు, భూమి యజమాని సంతకం ఉండాలి. అక్కడే చిక్కంతా. భూమి పోతుందేమోనని యజమానికి భయం. కౌలుదారు ఒక్కడే వెళ్లి అడిగితే పై ఏడాది ఆ చేను ఇంకొకరికి పోతుంది. కార్డుతో యజమాని హక్కుకు ఏ ఢోకా లేదని సంఘమంతా కలిసి వెళ్లి చెప్పాలి. సంతకం దొరకనివాళ్లను వదిలెయ్యకు. నలుగురి నుంచి పదిమంది దాకా కలిపి జేఎల్‌జీ కట్టించు, అంటే ఒకరికొకరు పూచీ ఉండి అప్పు తీసుకునే చిన్న గుంపు. వ్యవసాయ అప్పులు చూసే జాతీయ బ్యాంకు నాబార్డు ఆ పద్ధతి పెట్టిందే ఇలాంటివాళ్ల కోసం.

మీటింగులు పగలు పెట్టకు. కూలికి వెళ్లేవాళ్లు రాలేరు, వచ్చినవాళ్లే ఊరంతా అనుకుంటావు. రాత్రి అన్నాలు తిన్నాక పెట్టు. అయిపోయాక మాత్రం స్కూటీ వేసుకుని ఒక్కదానివే బయల్దేరకు. ఎవరింట్లోనైనా పడుకుని తెల్లారి రా. ఏ ఇంట్లో పడుకున్నావో నాకో మెసేజ్ పెట్టు. మీ నాన్నకు నేను సర్దిచెప్తాలే.

మీ అత్త