రిజిస్టర్‌లో మళ్లీ కనిపించని పేర్లు

బిడ్డా,

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నీ చేతికి వచ్చిందని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, దానికి నాలుగు మాటలు చెప్పు, నీ మాటయితే వింటది" అంది. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చార్జి తీసుకున్న రోజు నీ ముందు ఓపీ లెక్కలు పెడతారు. పోయిన నెల ఇంతమంది, ఈ నెల ఇంతమంది అని. ఆ కాగితం తర్వాత చూసుకోవచ్చు. ముందు పాత రిజిస్టర్లు తెప్పించుకో. ఒకసారి వచ్చి మళ్లీ రానివాళ్ల పేర్లు, ఊళ్లు, ఇచ్చిన మందులు ఒక వేరే నోట్‌బుక్‌లో ఎక్కించు. రెండు మూడు రోజులు పడుతుంది. క్లర్కుకు అప్పగించకు, నువ్వే కూర్చుని రాయి. నా ఉద్యోగం అంతా నాకు దారి చూపించింది ఆ నోట్‌బుక్కే.

ఎందుకంటే మన జబ్బుల తీరు వేరు. షుగర్ ఉన్నాయన కళ్లు తిరిగితే తనే ఆటో ఎక్కి వస్తాడు. స్కిజోఫ్రెనియా ముదిరినవాడు తనకు జబ్బుందంటేనే ఒప్పుకోడు. మందు పెట్టి చంపాలని చూస్తున్నారని డాక్టరునే అనుమానిస్తాడు. రంది, అంటే ఎడతెగని దిగులు, పట్టినామెకు మంచం దిగే ఓపికే ఉండదు. జబ్బు ఎంత పెరిగితే మనిషి ఆస్పత్రికి అంత దూరమవుతాడు. గదిలో కూర్చుని వచ్చినవాళ్లనే చూస్తూ పోతే, మన అవసరం ఎక్కువున్నవాళ్లు ఎన్నటికీ మన కంటపడరు.

ఒక లెక్క చెప్తాను, చూడు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్న పెద్దవాళ్లు 10.6 శాతం అని తేలింది. తీవ్రమైన జబ్బులే తీసుకుంటే 0.8 శాతం. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ లేవు. కాబట్టి ఆ అంకె మన జిల్లాదని ఎక్కడా రాయకు, అంచనా కోసం మాత్రం వాడుకో. ఒక మండలంలో 35,000 మంది పెద్దవాళ్లుంటే, తీవ్రమైన జబ్బుతో సుమారు 280 మంది ఉండాలి. నీ రిజిస్టర్‌లో ఆ మండలం నుంచి 60 మందే ఉన్నారనుకో. మిగతావాళ్లు ఎక్కడున్నారు? కొందరు పట్నంలో ప్రైవేటుగా చూపించుకుంటుండొచ్చు. చాలామంది ఇళ్లల్లో, దర్గాల దగ్గర, బస్టాండుల్లో ఉన్నారు.

నేను చేరిన కొత్తలో అలాంటి ఒక ఇంటికి వెళ్లాను. ఊరి ఆశా కార్యకర్త నన్ను ఇంటి ముందు నుంచి కాకుండా కొట్టం వెనకకు తీసుకెళ్లింది. వేపచెట్టు మొదలుకు గొలుసు, ఆ గొలుసు చివర పాతికేళ్ల పిల్లగాడు. మడమ పైన చర్మం నల్లబడి గట్టిపడింది. పక్కనే సత్తు గిన్నెలో అన్నం, దాని మీద మూత పెట్టి, మూత ఎగరకుండా చిన్న రాయి. ఆ రాయి చూశాకే నాకు వాళ్లమ్మ అర్థమైంది. తాళం చెయ్యి ఆమె కొంగు ముడిలో ఉంది. "బాయిల పడ్డడు బిడ్డా, రెండుసార్లు. నాకు వీడొక్కడే. కట్టెయ్యకుంటె ఎట్ల బతికించుకోవాలె?" అంది. నా దగ్గర జవాబు లేదు. కూర్చుని ఆమె ఇచ్చిన చాయ్ తాగాను.

చట్టం ప్రకారం అది తప్పే. 2017లో చేసి, 2018 మే 29 నుంచి అమల్లోకి తెచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసు వెయ్యకూడదని చెప్తుంది. అంతకుముందు 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను ఉంచిన షెడ్డుకు మంటలు అంటుకున్నప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్లే రోగులు బయటికి పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. ఆ సంగతి మర్చిపోకు. కానీ చట్టం పుస్తకం చేతిలో పట్టుకుని ఆ తల్లి ముందుకు పోకు. మేం ముందు మాత్రలు మొదలుపెట్టాం, అవి ఒంటికి పడ్డాక నెలకోసారి ఫ్లూఫెనజిన్ ఇంజక్షన్. మొదట పగలు గొలుసు తీసింది, తర్వాత రాత్రి కూడా. నాలుగో నెలకు అతను బర్రెలు తోలుకుపోవడం మొదలుపెట్టాడు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఒక ఏడు ఆ పీహెచ్‌సీలో రెండు నెలలు ఇంజక్షన్ లేదు. తల్లి రెండుసార్లు వచ్చి ఉత్తచేతులతో తిరిగిపోయింది. మందులు కావాలని పంపే ఇండెంట్ సమయానికి చూసుకోవలసింది నేను, చూసుకోలేదు. నేను వెళ్లేసరికి అతను మళ్లీ చెట్టు దగ్గరే ఉన్నాడు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అందుకే మందుల విషయంలో ఎవరి మాటా నమ్మకు, నువ్వే లెక్కపెట్టు. 120 మందికి రోజుకు రెండు చొప్పున రిస్పెరిడోన్ 2 మిల్లీగ్రాముల మాత్రలు రాస్తే, నెలకు 7,200 కావాలి. మూడు నెలల నిల్వ అంటే 21,600. ప్రతి మందుకూ ఈ లెక్క ఒక అట్ట మీద రాసి స్టోర్‌లో అంటించు. ఫార్మసిస్టుకు "అయిపోతే చెప్పు" అనకు, "ఇన్నికి తగ్గితే చెప్పు" అని అంకె ఇవ్వు. ఫిట్స్ మందులు మరీ జాగ్రత్త. ఫినోబార్బిటోన్ ఉన్నట్టుండి ఆగితే ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. పెళ్లీడు ఆడపిల్లలకు వాల్ప్రోయేట్ రాసే ముందు పదిసార్లు ఆలోచించు. కడుపులో బిడ్డకు హాని చేస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఎండాకాలం గురించి పుస్తకంలో చదివే ఉంటావు, కానీ ఉపాధి హామీ పని దగ్గర నిలబడి చూస్తే గానీ ఎక్కదు. మూడ్ విపరీతంగా మారే జబ్బుకు లిథియం వేసుకునే మనిషి మే నెలలో మట్టి తవ్వుతూ నీళ్లు తక్కువ తాగితే, మందు ఒంట్లోనే నిలిచిపోతుంది. చేతులు వణకడం, వాంతులు, తూలడం మొదలవుతాయి. చూసినవాళ్లు తాగి పడిపోయాడనుకుంటారు. మన మందుల వల్ల ఒళ్లు బిగుసుకోకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వేసుకునేవాళ్లకు చెమట సరిగా పట్టదు, వడదెబ్బ తొందరగా తగులుతుంది. మార్చి చివర్లోనే వీళ్ల జాబితా తీసి ఏఎన్ఎంల చేతికివ్వు. పని వేళలు మార్చమని మేస్త్రీకి చెప్పించు, లిథియం వాళ్లకు రక్త పరీక్ష ముందే చేయించు.

ఇక ఆశాలు. వీళ్లు లేకపోతే నీ కార్యక్రమం లేదు. ట్రైనింగ్‌లో వాళ్లకు స్లైడ్లు చూపించి డిప్రెషన్, యాంగ్జైటీ అంటే తలలూపుతారు, ఊళ్లోకి పోయాక ఆ మాటలు ఎవరినీ అడగలేరు. మన దగ్గర మాటలున్నాయి కదా. "రంది పెట్టుకున్నవా?" అని అడగమను. "నిద్ర పడుతున్నదా? బువ్వ తినబుద్ధి అయితున్నదా? ఎటైనా పోవాలె, బతుకొద్దు అనిపిస్తున్నదా?" అని అడగమను. ఆ చివరి మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు. అడగడం వల్ల అలా జరగదని, అడిగితేనే మనిషి గుండె బరువు దిగుతుందని వాళ్ల చేత ఒకరితో ఒకరికి అడిగించి చూపించు. మొదటిసారి అలా చేయించినప్పుడు ఒక ఆశా అక్కడే ఏడ్చింది. తనకే ఆ ఆలోచన ఉందట. మీ ఆశాల్లో కూడా ఉంటారు, కనిపెట్టు.

గాలి సోకింది, ఎవరో చేశారు అంటే వాదించకు. తాయెత్తు ఉండనివ్వు, మాత్ర కూడా వేసుకోమను. కానీ "బాణామతి" అని ఒక మనిషి పేరు పెట్టి ఊరు మాట్లాడుకుంటోందని తెలిస్తే మాత్రం ఆ పూటే పోలీసులకు, తహసీల్దారుకు చెప్పు. ఆ పేరున్న మనిషి ప్రాణం ప్రమాదంలో పడ్డట్టే.

కల్లు సంగతి నీకు పట్నంలో చదువుకున్నప్పుడు ఎదురై ఉండదు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు కల్తీ కల్లు మీద ఆబ్కారీ దాడులు జరిగాయి. మంచిదే అనుకున్నాం. రెండు మూడు రోజుల్లో వందలమంది ఆస్పత్రులకు వచ్చారు. వింత చేష్టలు, వణుకు, ఫిట్స్, లేనివాటిని చూసి అరవడం. కొందరు చనిపోయారు. కల్లులో కలిపే డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివాటికి ఒళ్లు అలవాటు పడి, ఒక్కసారిగా ఆగిపోతే అలాగే అవుతుంది. ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. నువ్వు చేరిన నెలలోనే ఆబ్కారీ ఆఫీసుకు వెళ్లి, దాడులకు ముందు ఆస్పత్రికి ఒక మాట అందేలా ఏర్పాటు చేసుకో. లోరజెపాం, డయాజెపాం, థయామిన్ (బి1 విటమిన్) ఇంజక్షన్లు ఏరియా ఆస్పత్రిలో నిల్వ ఉంచు. తాగుడు రోగికి గ్లూకోజు సీసా పెట్టే ముందు థయామిన్ ఇవ్వాలని డ్యూటీ నర్సులందరికీ నోటికి వచ్చేదాకా చెప్పు.

పురుగుల మందు తాగి బతికినవాళ్లు మరో జాబితా. వార్డు నుంచి ఇంటికి పోయాక మొదటి కొన్ని వారాలే చాలా ప్రమాదం. డిశ్చార్జి అయ్యేలోగా మన మనిషి ఒకరు మంచం దగ్గర కూర్చోవాలి, వారంలోగా ఇంటికి పోవాలి. "కేసు అయితది" అని ఇంటివాళ్లు దాస్తారు. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్ష ఉండదు. ఆ మాట తెలుగులో రాసి క్యాజువాలిటీ గోడకు అంటించు. ఇంట్లో డబ్బా ఎక్కడ పెట్టారో అడగడం మరువకు. చాలా ఇళ్లల్లో దూలం మీదో, మంచం కిందో ఉంటుంది. దాన్ని బావి దగ్గరి గదిలో తాళం వేసి పెడితే, ఆ కోపం పూట దాటిపోతుంది. శ్రీలంక ప్రాణాంతకమైన పురుగుల మందులను ఒక్కొక్కటే నిషేధించుకుంటూ పోతే, 1995 తర్వాత ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మన చేతిలో నిషేధం లేదు, తాళం ఉంది.

రాత్రిపూట పిలిస్తే పలికే మనిషి నీ దగ్గర ఉండరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ తెలుగులో పలుకుతుంది, డబ్బులు పడవు. ప్రతి సబ్ సెంటర్ గోడ మీద పెయింటుతో రాయించు. ఫ్లెక్సీ వద్దు, గాలికి పోతుంది.

వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు తేదీలు ముందే తెలుసుకుని మనవాళ్లను పంపు. 40 శాతం వైకల్యం తేలితే పింఛను వస్తుంది, మందులు ఆపకుండా ఉండడానికి బస్సు చార్జీ దొరుకుతుంది. దానికి పేరు నమోదు చేయించడం కుటుంబాలకు రాదు, సోషల్ వర్కర్‌కు అప్పగించు. రోడ్ల మీద తిరిగేవాళ్లను పోలీసులు లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి తేవాలి. ఎస్సైలు తరచూ మారుతుంటారు కాబట్టి ప్రతి కొత్తాయనకూ మళ్లీ చెప్పాలి.

నీ టీమ్‌లో సగం పోస్టులు ఖాళీగా ఉంటాయి, ఉన్నవాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేస్తుంటారు. వాళ్ల జీతం ఆలస్యమైతే నీ జీతం ఆలస్యమైనట్టే తిరుగు. శనివారం అందరూ కూర్చుని ఆ నోట్‌బుక్ తెరవండి. రానివాళ్లలో ఈ వారం ఎవరింటికి ఎవరు పోతున్నారు, అంతే. ఫోన్ కలవకపోతే ఆశా, ఆశా లేకపోతే మహిళా సంఘం, అదీ కాకపోతే నువ్వు. వరినాట్లు, కోతలప్పుడు జనం రారు. ఆ రోజుల్లో క్యాంపు సాయంత్రానికి మార్చు.

కలెక్టర్ రివ్యూలో నీకు ఐదు నిమిషాలు కూడా దొరకవు. చివర్లో పిలుస్తారు. ఒకే కాగితం తీసుకుపో. ఏ మందు ఎన్ని రోజులకు ఉంది, మందులు ఆపినవాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందిని వెనక్కి తెచ్చావు. ఓపీ ఎందుకు తగ్గిందని అడిగితే, రెండు వారాలు ఊళ్లల్లో తిరిగామని ధైర్యంగా చెప్పు.

1996లో కేంద్రం ఈ జిల్లా కార్యక్రమాన్ని దేశంలో నాలుగు జిల్లాల్లో మొదలుపెడితే, వాటిలో మన మెదక్ ఒకటి. ఆ మెదక్ ఇప్పుడు మూడు జిల్లాలైంది. జిల్లాలు విడిపోయినప్పుడు కాగితాలు కూడా విడిపోయాయి. ఎవరి పేరు ఎటు పోయిందో వెతికి పట్టుకోవడం చాలా కష్టమైంది. నా నోట్‌బుక్కులు మాత్రం నా దగ్గరే, ఇనుప పెట్టెలో ఉన్నాయి. మొత్తం పదకొండు. దసరాకు వచ్చినప్పుడు పట్టుకుపో. ఎర్ర సిరాతో గీత గీసిన పేర్లు చనిపోయినవాళ్లవి, మిగతావాళ్లకు ఇంకా మందు అందుతోందో లేదో చూడాలి.

అందులో ఆ వేపచెట్టు పిల్లగాడి పేరు మూడో నోట్‌బుక్‌లో ఉంది. ఇప్పుడు పిల్లగాడేం కాదు, జుట్టు నెరిసి ఉంటుంది. వాళ్లమ్మ ఉంటే నేను అడిగినట్టు చెప్పు. ఆమెకు కుడి చెవి వినపడదు, ఎడమ పక్కన కూర్చుని మాట్లాడు. ఇంజక్షన్ తేదీ తప్పిందేమో ముందు అదే అడుగు.

మీ పెద్దమ్మ