రెండు బేస్‌లు, ఒక పెడల్: పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ బేస్ గిటార్, దాని సౌండ్‌ను మార్చే ఎఫెక్ట్స్ పెడల్ చుట్టూ తిరిగాయి. పెళ్లిళ్ల సీజన్ ముందు ప్రతి ఏడూ ఇంతే. పెట్టెలోంచి పెడల్ బయటికి తీస్తారు, దుమ్ము తుడుస్తారు, పోయినేడు కుదిరిన సౌండ్ ఇప్పుడెందుకు కుదరడం లేదని నాకు రాస్తారు. నేను ఇంజనీర్‌ను కాను. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు ఆర్కెస్ట్రాల్లో ఇరవై రెండేళ్లుగా బేస్ వాయిస్తున్నవాణ్ని. నాకు తెలిసిందంతా ఫంక్షన్ హాళ్లలో పరువు పోగొట్టుకుని నేర్చుకున్నదే.

ప్రశ్న: నమస్తే సార్. నా దగ్గర నాలుగు తీగల యమహా టీఆర్‌బీఎక్స్ 174 ఉంది, అది ప్యాసివ్. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఐదు తీగల యాక్టివ్ బేస్ కొన్నాను. పాతదాని మీద ఆరు నెలలు కూర్చొని చేసుకున్న ప్యాచ్‌లు (పెడల్‌లో దాచుకునే సెట్టింగులు) కొత్తదానితో వాయిస్తే డ్రైవ్ (సౌండ్‌ను గరుకుగా చేసే ఎఫెక్టు) బరబరమంటోంది. కంప్రెసర్ పెడితే సౌండ్‌లో ప్రాణం లేదు. ఆటో వా అసలు ‘వా’ అనడమే లేదు. మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ పాడైందంటారా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: పెడల్ నిక్షేపంగా ఉంది తమ్ముడూ. రిపేరు షాపుకు మాత్రం తీసుకెళ్లకు.

మీ ఊళ్లో రైస్ మిల్లులకు కొదవలేదు. సన్నవడ్లకు సరిచేసిన రబ్బరు రోలర్ల సందులో దొడ్డువడ్లు పోస్తే ఏమవుతుంది? నూక. తప్పు మిల్లుదీ కాదు, వడ్లదీ కాదు. సందు మార్చనివాడిది. నువ్వు చేసిందీ అదే.

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి చుట్ట. పైన ఇనుప తీగ ఊగితే ఆ చుట్టలో కొంచెం వోల్టేజ్ పుడుతుంది. ప్యాసివ్ బేస్‌లో పుట్టిందే జాక్ దాకా వస్తుంది. యాక్టివ్‌లో మధ్యన 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ కూర్చుని, సాధారణంగా దాన్ని పెంచి పంపుతుంది. నీ భుజాన ఏ గిటార్ వేలాడుతోందో పెడల్‌కు కనబడదు. లోపలికి ఎంత వచ్చిందన్నదే దాని లెక్క.

కొత్త బేస్ పాతదానికంటే 6 డెసిబెల్స్ ఎక్కువ ఇస్తోందనుకుందాం. అంటే వోల్టేజ్ రెట్టింపు. హద్దు దాటిన మోతను నొక్కడం కంప్రెసర్ పని. అందులో నిష్పత్తి 4:1 పెట్టావనుకో. పాతదాంట్లో గట్టిగా కొట్టిన నోటు మాత్రమే హద్దు దాటేది, ఇప్పుడు మెల్లగా తాకినా దాటుతోంది. దాటిన ప్రతి 6 డెసిబెల్స్ బయటికి ఒకటిన్నరగా వస్తాయి. ఇక మెత్తగా వాయించినా కసిగా వాయించినా ఒకటే మోత. ప్రాణం లేదని నువ్వు రాసింది దీని గురించే. ఆటో వా కథ కూడా ఇంతే. దానిలోని ఫిల్టర్ వేలి దెబ్బను బట్టి తెరుచుకుంటుంది, దెబ్బ తగ్గితే మూసుకుంటుంది. ఇప్పుడు సిగ్నల్ ఎప్పుడూ ఎక్కువే కాబట్టి బార్లా తెరిచే ఉంటోంది. తెరిచి ఉన్న తలుపు మళ్లీ ఎలా తెరుచుకుంటుంది?

ఇప్పుడు పని మొదలుపెడదాం. ముందు ఎఫెక్టులన్నీ ఆపెయ్. యాక్టివ్ గిటార్ మీద ఉన్న బేస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) నాబ్‌లను మధ్యలో టక్కున ఆగే చోట పెట్టు, అదే ఫ్లాట్. మన కుర్రాళ్లు గిటార్ మీద బేస్ నాబ్ మొత్తం తిప్పుతారు, పెడల్ ఈక్యూలో (కింది, పై స్వరాలను హెచ్చుతగ్గులు చేసే చోట) మళ్లీ పెంచుతారు, ఆంప్ మీద మూడోసారి పెంచుతారు. ఆ తర్వాత స్పీకర్ చిరిగిందని సౌండ్ సిస్టమ్ ఆయనతో కొట్లాట.

మొదట ప్యాసివ్ బేస్ పెట్టి, స్టేజీ మీద ఎంత గట్టిగా కొడతావో అంత గట్టిగా ‘ఈ’ తీగను ఓపెన్‌గా, అంటే ఎక్కడా నొక్కకుండా, కొట్టు. ఇంట్లో చాప మీద కూర్చొని మెల్లగా మీటుతూ సెట్ చేస్తే లాభం లేదు. పక్కన డ్రమ్ ప్యాడ్స్ మోగుతుంటే చెయ్యి దానంతటదే బరువెక్కుతుంది. సిగ్నల్ మితిమీరిందని చెప్పే ఎర్రలైటు పెడల్ మీద వెలగడానికి ఒక్క అడుగు ముందు ఇన్‌పుట్ లెవెల్ ఆపి, ఆ అంకె రాసిపెట్టుకో. తర్వాత యాక్టివ్ పెట్టి, అంతే కసిగా కొట్టి, మీటర్ అదే చోటికి వచ్చేదాకా తగ్గించు. కొన్ని పెడళ్లలో ఇది మెనూలో ఉంటుంది, కొన్నింటికి వెనకాల సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ స్విచ్ ఉంటుంది. రెండూ లేకపోతే ప్రతి ప్యాచ్‌లో ఎఫెక్టుల వరుసలోని మొదటి గడిలో ఈక్యూ పెట్టి, దాని లెవెల్ తగ్గించు.

ఒక మెలిక ఉంది. ఎర్రలైటు ఇన్‌పుట్ జాక్ దగ్గరే వెలుగుతుంటే లోపల ఎంత తగ్గించినా ఉపయోగం లేదు, నోటు అప్పటికే చిరిగి లోపలికి వచ్చింది. అప్పుడు గిటార్ మీదే వాల్యూమ్ కొంచెం తగ్గించు. యాక్టివ్‌లో అలా తగ్గిస్తే టోన్ పెద్దగా మారదు. ప్యాసివ్‌లో మాత్రం ఆ పని వద్దు, నాబ్ తగ్గించేకొద్దీ కేబుల్ ట్రెబుల్‌ను మింగేస్తుంది.

ఇదంతా ప్రతిసారీనా అంటావేమో. డప్పు కొట్టేవాళ్లను చూడు. మంట దగ్గర కాచి, వేళ్లతో తట్టి చూసి, చాలకపోతే మళ్లీ కాచి, అప్పుడు దరువెత్తుకుంటారు. నిన్న మోగింది కదా అని ఈ రోజు కాచకుండా మెడకు తగిలించుకున్నవాణ్ని నేనింతవరకు చూడలేదు.

లెవెల్ కలిసినంత మాత్రాన రెండు గిటార్లు ఒక్కటైపోవు. పాత ప్యాచ్‌ను కాపీ చేసి కొత్త స్థానంలో దాచుకో, దానికి గిటార్ పేరు పెట్టు. ప్యాచ్‌లకు పాటల పేర్లు పెట్టడం నేను పదేళ్ల కిందే మానేశాను. నా పెడల్‌లో ‘నల్లది ఒకటి’, ‘నల్లది రెండు’, ‘ఎర్రది ఒకటి’ అని ఉంటాయి. చూసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

ఐదు తీగలదాంట్లో ఇంకో చిక్కు. అన్నింటికంటే లావు ‘బీ’ తీగ 31 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ‘ఈ’ తీగ 41. ఆ ‘బీ’ నోటు ఒక్కటి చాలు కంప్రెసర్‌ను నొక్కి పట్టడానికి. ప్యాచ్‌లో హై పాస్ (పెట్టిన అంకెకు కింది మోతను కోసేది) ఉంటే 30 దగ్గర పెట్టు. డ్రైవ్‌లో క్లీన్ సౌండ్‌ను కలిపే నాబ్ ఉంటే సగం క్లీన్ ఉంచు, లేకపోతే గరగర మాత్రమే మిగిలి బరువు పోతుంది.

ప్రశ్న: సార్, చర్చిలో జాజ్ బేస్ తరహా గిటార్ వాయిస్తాను. పెడల్ పెట్టినప్పటి నుంచి బుయ్‌మని ఒకటే హమ్. నాయిస్ గేట్ పెట్టినా వాయిస్తున్నప్పుడు వినిపిస్తోంది. ఈక్యూలో 50 హెర్ట్జ్ కోసేస్తే పోతుందని ఒకాయన చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: కొంత పోతుంది. దాంతోపాటు మీ ‘జీ’ నోటు కూడా పోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. ‘ఈ’ తీగ మూడో ఫ్రెట్‌లో ఉన్న ‘జీ’ 49 హెర్ట్జ్. అంటే గోడలోని వైరు పొద్దున్నుంచీ దాదాపు ‘జీ’ వాయిస్తూనే ఉందన్నమాట! పైగా హమ్ 50 దగ్గరే ఆగదు, 100, 150లలోనూ ఉంటుంది. పై ‘జీ’ 98. ఎక్కడ కోసినా మన నోటుకే దెబ్బ.

గేట్ గురించి ఒక మాట. అది నోటుకూ నోటుకూ మధ్య తలుపు మూస్తుంది, అంతే. మీరు వాయిస్తుంటే తలుపు తీసే ఉంటుంది, హమ్ కూడా మీతోపాటే నడిచొస్తుంది. పైగా గిటార్ మార్చినప్పుడల్లా గేట్ హద్దు కూడా మార్చుకోవాలి. యాక్టివ్‌కు పెట్టిన హద్దులో ప్యాసివ్ వాయిస్తే నోటు తోక తెగుతుంది.

1960లో ఫెండర్ తెచ్చిన జాజ్ బేస్‌లో రెండు సింగిల్ కాయిల్ (ఒకే చుట్ట ఉన్న) పికప్‌లు ఉంటాయి. రెండింటి వాల్యూమ్ సమానంగా ఉంటే ఒకదాని హమ్‌ను ఇంకొకటి చెరిపేస్తుంది. ఒకటి తగ్గించగానే బుయ్‌మంటుంది. మొదట రెండూ పూర్తిగా తెరిచి చూడండి. ప్రెసిషన్ బేస్‌కు ఈ బాధ లేదు. 1957 నుంచి దాని పికప్‌ను రెండు ముక్కలుగా చేసి, ఆ చెరిపే పని లోపలే పెట్టారు. అందుకే నేను ఒకే పెడల్‌తో రెండూ వాయించేటప్పుడు జాజ్ బేస్ ప్యాచ్‌లో గేట్ ఉంచి, ప్రెసిషన్ ప్యాచ్‌లో తీసేస్తాను.

గిటార్ వాల్యూమ్ సున్నా చేసినా హమ్ ఉంటే అది గిటార్‌ది కాదు. కేబుల్, అడాప్టర్, లేదా పెడల్‌కూ మిక్సర్‌కూ మధ్య ఎర్త్ గొడవ. పెడల్ మీదో డీఐ బాక్స్ (గిటార్‌ను మిక్సర్‌కు కలిపే పెట్టె) మీదో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (కేబుల్‌లోని గ్రౌండ్‌ను విడదీసేది) ఉంటే అది నొక్కండి. హమ్ పోతుందని ప్లగ్ మూడో పిన్ను విరగ్గొట్టే మహానుభావులు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. దయచేసి వాళ్ల మాట వినొద్దు. ఆ పిన్ను మీ ప్రాణం కోసం పెట్టింది. తీగల మీద చెయ్యి, మైక్ మీద పెదవి, మధ్యలో ఎర్త్ లేకపోతే ఏం జరుగుతుందో రాయడానికి కూడా నాకు చెయ్యి రాదు.

ప్రశ్న: యాక్టివ్ బేస్‌లో బ్యాటరీ ఎప్పుడు మార్చాలి? అయిపోతోందని ముందే తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: తెలుస్తుంది, మీరు నాలాంటివారు కాకపోతే.

కొన్నేళ్ల కింద నార్కట్‌పల్లి దగ్గర ఒక రిసెప్షన్. మూడో పాటలో నా బేస్ గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చిటపటలాడింది. గట్టిగా కొడితే పగులు, మెల్లగా కొడితే గుసగుస. నాకు వెంటనే పెడల్ మీద అనుమానం వచ్చింది. అందులో నా యాభై ప్యాచ్‌లున్నాయి, రెండేళ్ల కష్టం. పాటకూ పాటకూ మధ్య యాంకర్ పెళ్లికొడుకు మీద జోకులేస్తుంటే, నేను వంగి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాను. యాభై ప్యాచ్‌లూ గాలికి పోయాయి. చిటపట మాత్రం అలాగే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది గిటార్ వెనక బ్యాటరీ. మధ్యాహ్నం సౌండ్ చెక్ అయ్యాక కేబుల్ పీకకుండా స్టాండ్ మీద వదిలి భోజనానికి పోయాను. యాక్టివ్ బేస్‌లో జాకే స్విచ్. కేబుల్ ఉన్నంతసేపూ ప్రీఆంప్ బ్యాటరీ తాగుతూనే ఉంటుంది, వాల్యూమ్ సున్నాలో ఉన్నా సరే. ఆ రోజు కాపాడింది సౌండ్ ఆయన పెట్టెలోని కార్డ్‌లెస్ మైక్ తాలూకు 9 వోల్టుల బ్యాటరీ. మిగతా పద్నాలుగు పాటలు ఏ ఎఫెక్టూ లేకుండా వాయించాను. తేడా ఏంటని ఒక్కరూ అడగలేదు. ప్యాచ్‌లు పోయినదానికంటే అదే ఎక్కువ నొప్పించింది.

కాబట్టి సీజన్ మొదట్లో కొత్తది వేయండి, ఒకటి కేసులో పెట్టుకోండి, వాయించనప్పుడు కేబుల్ పీకండి. బ్యాటరీ నీరసపడుతుంటే మొదట గట్టి నోట్లే పగులుతాయి, సరిగ్గా డ్రైవ్ పెట్టినట్టే ఉంటుంది. అందుకే పెడల్ మీద నెపం పడుతుంది. పెడల్‌ను బైపాస్ చేసి, అంటే ఎఫెక్టులేవీ తగలకుండా, చూడండి. అప్పుడూ పగులుతుంటే బ్యాటరీ సంగతి చూడండి. ప్యాచ్‌ల అంకెలు మాత్రం కాగితం మీద రాసుకోండి. నేను ఇప్పుడు కిరాణా పద్దుల లాంటి పొడుగు పుస్తకంలో రాస్తున్నాను.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను సార్. అన్నయ్య దగ్గర గిటార్ మల్టీ ఎఫెక్ట్స్ ఉంది. దానికి నా బేస్ పెడితే పాడవుతుందా? లేక బేస్ పెడల్ వేరుగా కొనాలా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: పెడల్‌కు ఏమీ కాదమ్మా, నిశ్చింతగా పెట్టుకో. అన్నయ్యకు చెప్పి పెట్టుకో, అంతే. కోరస్, డిలే, కంప్రెసర్ బాగానే పనిచేస్తాయి. క్యాబినెట్ సిమ్యులేషన్ మాత్రం ఆపెయ్. అది గిటార్ స్పీకర్‌ను అనుకరిస్తుంది, గిటార్‌కు 80 హెర్ట్జ్ కింద పెద్దగా పని లేదు కాబట్టి అక్కడంతా కోసేస్తుంది. మన ఇల్లు ఉన్నదే అక్కడ. గిటార్ డ్రైవ్‌లు కూడా కింది బరువును అలాగే తినేస్తాయి. ఇప్పుడే డబ్బు ఖర్చు పెట్టకు. ఆ డబ్బుతో ముందు ఒక మంచి కేబుల్, కొత్త తీగల సెట్టు కొనుక్కో. పాత తీగల మీద ఏ పెడల్ పెట్టినా పాత తీగలే వినిపిస్తాయి.

ప్రశ్న: ఆక్టేవర్ (వాయించే నోటుకు ఒక స్థాయి కింది నోటును కలిపే ఎఫెక్టు) పెడితే నా బేస్ తడబడుతోంది. ఫ్రెండ్ బేస్‌తో ఫర్వాలేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: మీరు కింది ఫ్రెట్‌లలో వాయిస్తున్నారనుకుంటాను, మీ ఫ్రెండ్ పైన వాయిస్తున్నట్టున్నాడు. ఓపెన్ ‘ఈ’ 41 హెర్ట్జ్, దానికి ఒక ఆక్టేవ్ కింద అంటే దాదాపు 20. మనిషి చెవి దాదాపు అక్కడే ఆగిపోతుంది, అద్దె స్పీకర్లు ఇంకా ముందే ఆగిపోతాయి. ‘ఏ’ తీగ ఐదో ఫ్రెట్ నుంచి పైకి వాయించండి, ఒక్కొక్క నోటే, శుభ్రంగా. ఆక్టేవర్‌ను డ్రైవ్‌కు ముందు, ఎఫెక్టుల గొలుసులో వీలైనంత మొదట్లో పెట్టండి. గిటార్ టోన్ నాబ్ కొంచెం తగ్గిస్తే ఇంకా బాగా పట్టుకుంటుంది. మీ ఫ్రెండ్ బేస్‌కు టోన్ నాబ్ తగ్గించి ఉందేమో కూడా ఒకసారి చూడండి.

ప్రశ్న: పెడల్ అడాప్టర్ పోయింది. కీబోర్డు వాళ్ల అడాప్టర్ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: పిన్ను దూరింది కదా అని పెట్టొద్దు. చాలా పెడళ్లకు 9 వోల్టులు, మధ్యలో మైనస్ కావాలి. కీబోర్డు అడాప్టర్లు చాలావరకు 12 వోల్టులు, మధ్యలో ప్లస్. రెండింటి మీదా చిన్న బొమ్మ ఉంటుంది, కళ్లద్దాలు పెట్టుకునైనా చూడండి. మిల్లీ ఆంపియర్లు పెడల్ అడిగినన్ని ఉండాలి, ఎక్కువున్నా ఫర్వాలేదు. ఈలోగా ప్రోగ్రాం ఉంటే, మీ పెడల్‌లో పెన్సిల్ సెల్స్ వేసే గడి ఉందేమో అడుగున తిప్పి చూడండి.