పక్కన ఎవరున్నారో చూసి అడుగు

చిన్నీ,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి "నీ మేనకోడలు బ్యాంకు ఉద్యోగం మానేస్తుందట, మొగుడూ పెళ్లాల గొడవల మీద పీహెచ్‌డీ చేస్తుందట, దానికింకా పెళ్లే కాలేదు, నువ్వే ఏదో ఎక్కించి ఉంటావు" అని నన్ను దులిపేశాడు. నేనేం ఎక్కించలేదన్నాను. ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను, ఆ తర్వాత తెల్లారే దాకా నిద్ర పట్టలేదు. నవ్వెందుకొచ్చిందో నీకు తెలుసు. నిద్రెందుకు పట్టలేదో చెప్దామని ఈ ఉత్తరం.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. 40 జంటలు, వాళ్లింటికే వెళ్లడం, ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడించి రికార్డు చెయ్యడం. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో అంగీకార పత్రం, రికార్డరు ఛార్జింగు, ఇవన్నీ నువ్వు చూసుకుంటావు. ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం ఎవరింటికీ వెళ్లకు, కరెంటు పోయిన గదిలో ఎవరికీ కాపురం గురించి మాట్లాడాలనిపించదు.

"ఇద్దర్నీ కలిపి" అన్న చోటే నాకు గుండె ఝల్లుమంది.

నేను ఫ్యామిలీ కోర్టులో కౌన్సెలర్‌గా చేరి మూడేళ్లయినప్పటి సంగతి ఇది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఉంది కదా, ముందు రాజీకి ప్రయత్నం చెయ్యాలని, అది మాకు వేదం. మా దగ్గర పొడుగాటి రిజిస్టరు ఉండేది. పేర్లు, గొడవకి కారణం, ఎన్ని సిట్టింగులు, చివరి గడిలో ఫలితం. రాజీ అయితే ఎర్ర ఇంకుతో "సర్దుబాటు" అని రాసేవాళ్లం. నెలాఖరుకి ఆ ఎర్ర అక్షరాలే లెక్కపెట్టి పైకి పంపేవాళ్లం, నాకెప్పుడూ అందరికంటే రెండు మూడు ఎక్కువే ఉండేవి.

ఒక జంట వచ్చారు. అతను లారీ మెకానిక్, మర్యాదగా ఉన్నాడు, నేను గదిలోకి రాగానే లేచి నిలబడ్డాడు. ఆ అమ్మాయికి ఇరవై రెండో ఇరవై మూడో. ఎడమ చేతికి డజను మట్టిగాజులు, కుడి చేతికి రెండే రెండు. నాకది కనిపించింది చిన్నీ, కనిపించలేదని అబద్ధం చెప్పను. గిన్నెలు తోముతుంటే పగిలి ఉంటాయిలే అనుకున్నాను. ఇద్దరికీ టీ తెప్పించి, ఎదురెదురుగా కూర్చోబెట్టి, శిక్షణలో చెప్పినట్టే తడబడకుండా అడిగాను: "చెయ్యి చేసుకుంటాడా అమ్మా?" ఆమె టీ గ్లాసు వంక చూస్తూ "లేదండీ, కోపం ఎక్కువ, అంతే" అంది. అతను "నాదే తప్పు మేడం, నోరు అదుపులో ఉండదు" అన్నాడు. మూడు సిట్టింగులయ్యాయి. మూడోసారి అతనే మా ఆఫీసుకి మైసూర్‌పాక్ తెచ్చాడు. ఎర్ర ఇంకుతో రాసేశాను. ఆ సాయంత్రం మీ మామయ్యకి ఈ కేసు గురించి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఏడాది దాటాక బస్టాండులో ఆమే నన్ను గుర్తుపట్టింది. చంకలో పిల్లాడు. టికెట్ డబ్బుల కోసం కొంగు ముడి విప్పుకోబోతే కుడి చేతి చివరి రెండు వేళ్లూ వంగట్లేదు, పళ్లతో విప్పుకుంది. ఏమైందమ్మా అన్నాను. ఎంత సిగ్గులేని ప్రశ్నో నాకు తెలుస్తూనే ఉంది. ఆమెకి నా మీద కోపం లేదు, అదే ఇప్పటికీ భరించలేను. "మీరు అడిగారండీ. కానీ ఆయన పక్కనే అడిగారు" అంది. బస్సొచ్చింది, ఎక్కేసింది. మర్నాడు ఆఫీసుకెళ్లి రిజిస్టరు తీశాను. "సర్దుబాటు" అలాగే ఉంది. కొట్టెయ్యడానికి కూడా వీల్లేదు, ఆ లెక్క పైకి వెళ్లిపోయింది.

ఇదంతా నీకు తెలియదని కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు హింస గురించి అడిగేటప్పుడు ఇంటికి ఒక్క ఆడమనిషినే ఎంచుకుంటారు, ఇంకొకరి చెవిన పడే వీలుంటే అడగనే అడగరు. 2019–21 సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లలో భర్త చేతిలో హింస చూశామన్నవాళ్లు నూటికి దాదాపు 29 మంది, మన తెలంగాణలో 37 దాకా. దెబ్బలు తిన్నవాళ్లలో నూటికి 77 మంది ఎవరికీ చెప్పలేదు, ఎక్కడికీ వెళ్లలేదు. మరి నీ 40 ఇళ్లలో ఎంతమంది ఉంటారో లెక్క వేసుకో. నీ కాగితంలో అన్నిటికీ కలిపి "కమ్యూనికేషన్ లోపం" అని రాశావు. ఆ మాట చూస్తే నాకు ఒళ్లు మండింది. తిట్టానని అలగకు, నీకు కాకపోతే ఇంకెవరికి చెప్తాను.

అందుకని ముందు విడివిడిగా మాట్లాడు. అత్తగారు కాఫీ పట్టుకొచ్చే వంకతో లోపలికొస్తే వెంటనే మాట మార్చడానికి పిల్లల టీకాల గురించో బియ్యం ధర గురించో నాలుగు ప్రశ్నలు సిద్ధంగా పెట్టుకో. 181, అదే మహిళల హెల్ప్‌లైన్ నంబరు రాసిన కాగితం ఆ భార్య చేతిలో పెట్టకు, ఇంట్లో దొరికితే దానికీ దెబ్బలే, నోటితో చెప్పు.

ఇక పుస్తకాల సంగతి. సియాటిల్‌లో జంటల గొడవల మీద పరిశోధన చేసిన గాట్‌మన్ గారి పని నీకు కంఠతా వచ్చు, కాపురాన్ని కూల్చే ఆ నాలుగు లక్షణాలు: తప్పులెన్నడం, చులకన చెయ్యడం, తనని తాను వెనకేసుకురావడం, నోరు కట్టేసుకుని గోడలా కూర్చోవడం. అందులో చులకన గురించి ఆయన చెప్పింది మా గదిలో రోజూ చూశాను, మూతి విరుపు చూడగానే ఇది కష్టం అనుకునేదాన్ని. కానీ ఆయన కెమెరాలు పెట్టిన ఆ అపార్ట్‌మెంట్‌లో ఉన్నది ఇద్దరే. మన ఇళ్లలో మొగుడు మాట్లాడకుండా కూర్చున్నాడంటే అది గోడ కావచ్చు, లేదా పక్క గదిలో వాళ్లమ్మ ఇంకా నిద్రపోలేదని కావచ్చు. ఎవరు విడిపోతారో నూటికి తొంభై పాళ్లు ముందే చెప్పొచ్చన్న ఆయన మాట కూడా నీ కాగితంలో పెట్టకు. ఫలితం తెలిశాక కట్టిన లెక్కని కొత్త జంటల మీద పరీక్షించకుండా జోస్యం అనకూడదని తోటి పరిశోధకులే ఎప్పుడో అన్నారు.

నాకు నచ్చింది క్రిస్టెన్సన్, జేకబ్‌సన్ వాళ్ల పని. బాగా చెడిపోయిన 134 కాపురాలు తీసుకుని, రెండు రకాల థెరపీ ఇచ్చి, ఐదేళ్లు వెంటబడ్డారు. ఐదేళ్ల తర్వాత చూస్తే సుమారు సగం జంటలు మెరుగయ్యాయి, పావు వంతుకి పైగా విడిపోయారు. ఆ నిజాయితీ చూసి నాకు కడుపు నిండింది. మేము మూడో సిట్టింగుకే ఎర్ర ఇంకు పూసేసేవాళ్లం, ఐదేళ్ల తర్వాత వెళ్లి తలుపు తట్టిన వాళ్లెవరు? ఇంకో సంగతి, గట్టిగా కొట్టే భర్తలున్న జంటల్ని అసలు అందులో చేర్చుకోలేదు. ఆ పద్ధతి అలాంటి ఇళ్లకి కాదని వాళ్లకి తెలుసు. నువ్వు కూడా రెండేళ్లకి, ఐదేళ్లకి మళ్లీ వెళ్లేట్టు ప్లాన్ రాయి. విడిపోయిన వాళ్లని ఓడిపోయిన గడిలో వెయ్యకు, ఆ మెకానిక్ భార్య విడిపోయి ఉంటే నేను సంతోషించేదాన్ని.

అయ్యో, అన్నీ ఏడుపులే రాశాను. ఒక మంచి మాట చెప్తాను. షికాగో వైపు ఫింకెల్ అనే పరిశోధకుడు 120 జంటల్ని తీసుకుని, అందులో సగం మందితో ఒక చిన్న పని చేయించి, 2013లో ఫలితాలు అచ్చు వేశాడు. ఈమధ్య జరిగిన గొడవని, ఇద్దరి మంచీ కోరే మూడో మనిషి చూస్తే ఎలా ఉంటుందో ఏడు నిమిషాలు రాయాలి, ఏడాదిలో మూడుసార్లు, అంతే. కాలం గడిచేకొద్దీ కాపురంలో సంతోషం తగ్గిపోతూ ఉంటుంది కదా, రాసిన వాళ్ల కాపురాల్లో ఆ జారుడు ఆగింది. మన పెద్దమనుషుల పంచాయితీ గుర్తొచ్చింది నాకు, కాకపోతే ఇక్కడ ఆ పెద్దమనిషి నీ లోపలే కూర్చుంటాడు, చుట్ట కాల్చడు. రిటైరయ్యాక మీ మామయ్యా నేనూ కూడా రాశాం, వాళ్ల తమ్ముడికిచ్చిన అప్పు గొడవ మీద. నేను రెండు పేజీలు నింపాను. ఆయన కరెంటు బిల్లు వెనకాల ఒక్క ముక్క రాశాడు: "ఆవిడకి ఆకలేసినప్పుడు ఈ విషయం ఎత్తకూడదు." 41 ఏళ్ల కాపురం, నాకే తెలియదు నాకు ఆకలేస్తే కోపం వస్తుందని. ఆ బిల్లు బీరువాలో దాచాను.

నువ్వు ఈ పని చెయ్యి. ఉద్యోగం పోతే పోనీ, మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఆర్నెల్లకోసారి నీ గురించి కూడా చూసుకో, రోజంతా అవి వింటే రాత్రి అన్నం దిగదు, నాకు రెండేళ్లు దిగలేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ ప్రశ్నల కాగితం పట్టుకురా. దెబ్బల గురించి అడిగే ప్రశ్న 14వది అన్నావుగా, నన్నే ఆ అమ్మాయి అనుకుని మొదటి నుంచీ అడుగు. పద్నాలుగుకి వచ్చేసరికి మామయ్య పేపర్ చదువుతూ అక్కడే కూర్చుని ఉంటాడు. నువ్వేం చేస్తావో చూస్తాను.

మీ అత్త