బిజీకి వి3 ఏమిటి?

ప్రశ్న: మేడమ్, నేను కామర్స్‌లో డిగ్రీ చేశాను. ఒక కంపెనీలో ఏడాదిన్నర అకౌంట్స్ చూసి ఆరు నెలల క్రితం మానేశాను. మూడు నెలలుగా ట్యాక్సేషన్ కోర్సు చేస్తూ ఇంటర్వ్యూలకు వెళ్తున్నాను. సబ్జెక్టు ప్రశ్నలకు బాగానే చెబుతున్నాను కానీ నా గురించి చెప్పమంటే ఇంగ్లిష్ తడబడుతోంది. ‘హ్యావ్’ తర్వాత వి3, అంటే క్రియ మూడో రూపం, రావాలని చదువుకున్నాను. అందుకే ‘ఐ హ్యావ్ ఇంట్రెస్టెడ్ ఇన్ ట్యాక్సేషన్’ అన్నాను. తప్పన్నారు. ఇంట్రెస్టెడ్ వి3 కాదా? ‘మూడు నెలలుగా కోర్సుతో బిజీగా ఉన్నాను’ అనాలంటే బిజీకి వి3 ఏమిటి? వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: బిజీకి వి3 లేదండీ. వి1, వి2, వి3 అనేవి క్రియలకే ఉంటాయి. బిజీ అనేది అడ్జెక్టివ్, మన వ్యాకరణంలో విశేషణం. రెడీ, హ్యాపీ, ఇల్, అవైలబుల్, రెస్పాన్సిబుల్ కూడా అంతే. మీరు వెతుకుతున్న వి3 బిజీ పక్కనున్న చిన్న మాటలో ఉంది. ‘ఐ యామ్ బిజీ’ అన్నప్పుడు అందులో క్రియ ‘యామ్’. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ ఇవన్నీ ‘బి’ అనే ఒకే క్రియకు రూపాలు. దాని వి3 ‘బీన్’. కాబట్టి మీ వాక్యం ‘ఐ హ్యావ్ బీన్ బిజీ విత్ మై కోర్స్ ఫర్ త్రీ మంత్స్’. టెన్స్ ఏదైనా బిజీ బిజీగానే ఉంటుంది, మారేదంతా దాని ముందున్న క్రియే.

ఈ సందేహం నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఉంటుంది. దానికి కారణం మన తెలుగులోనే ఉంది. ‘ఇప్పుడు బిజీగా ఉన్నాను’ అంటాం, ‘మూడు నెలలుగా బిజీగా ఉన్నాను’ అని కూడా అంటాం. రెండు చోట్లా అదే ‘ఉన్నాను’. ఎప్పటి నుంచో చెప్పే పని ‘నెలలుగా’, ‘నుంచి’ లాంటి మాటలు చూసుకుంటాయి, క్రియను కదిలించాల్సిన అవసరం రాదు. ఇంగ్లిష్‌కు అలా కుదరదు. ‘ఫర్ త్రీ మంత్స్’ అని చెప్పినా సరే, క్రియను కూడా ‘యామ్’ నుంచి ‘హ్యావ్ బీన్’కి మార్చాల్సిందే.

మార్చకపోతే ఏమవుతుందో చూడండి. ఒక అభ్యర్థి రెండు నెలలుగా ఖాళీగా ఉన్నాడు, వెంటనే చేరగలడు. ఆ మాట చెప్పాలనుకుని ‘ఐ యామ్ అవైలబుల్ ఫర్ టూ మంత్స్’ అన్నాడనుకోండి. వినేవాళ్లకు అది ‘నేను రెండు నెలల పాటు మాత్రమే పనిచేయగలను’ అన్నట్టు వినిపిస్తుంది. ‘ఐ హ్యావ్ బీన్ అవైలబుల్ ఫర్ టూ మంత్స్’ అంటేనే రెండు నెలల క్రితం నుంచి అని అర్థం. ఒక్క ‘బీన్’ లేకపోవడంతో శాశ్వత ఉద్యోగం అడగడానికి వచ్చిన మనిషి తాత్కాలికంగా దొరికే మనిషిగా కనిపిస్తాడు. అందుకే దీన్ని చిన్న గ్రామర్ తప్పు అని నేను వదిలేయను.

ఇక ఇంట్రెస్టెడ్ సంగతి. చూడటానికి అది వి3 లాగే ఉంది, నిజానికి ‘ఇంట్రెస్ట్’ అనే క్రియ కూడా ఉంది. కానీ ఆ క్రియకు ‘ఆసక్తి కలిగించు’ అని అర్థం. ‘ట్యాక్సేషన్ హ్యాజ్ ఆల్వేస్ ఇంట్రెస్టెడ్ మీ’ అంటే ఆ సబ్జెక్టు నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగిస్తూ వచ్చిందని. అలా చూస్తే ‘ఐ హ్యావ్ ఇంట్రెస్టెడ్’ అంటే నేను ఎవరికో ఆసక్తి కలిగించానని మొదలై మధ్యలో ఆగిపోయిన వాక్యం. ఆసక్తి ఉన్నది మీకు కాబట్టి అక్కడ ఇంట్రెస్టెడ్ అడ్జెక్టివ్, బిజీ లాంటిదే. ‘ఐ హ్యావ్ బీన్ ఇంట్రెస్టెడ్ ఇన్ ట్యాక్సేషన్ సిన్స్ మై సెకండ్ ఇయర్’ అనండి.

మీ తప్పు వెనుక ఇంకో చిక్కు కూడా ఉందని నా అనుమానం. ‘నాకు ఆసక్తి ఉంది’ అని తెలుగులో అనుకుంటారు. ఆ ‘ఉంది’ని ‘హ్యావ్’గా మారుస్తారు, చివర మాత్రం అలవాటుగా ‘ఇంట్రెస్టెడ్’ వచ్చి కూర్చుంటుంది. ఇలా రెండు వాక్యాలు కలిసిపోతున్నాయి. ‘ఐ హ్యావ్ యాన్ ఇంట్రెస్ట్’ అంటే అక్కడ ఇంట్రెస్ట్ నామవాచకం, హ్యావ్ అంటే కలిగి ఉండటం. ‘ఐ హ్యావ్ బీన్ ఇంట్రెస్టెడ్’లో హ్యావ్ ఉత్త సహాయక క్రియ. అనుభవం విషయంలోనూ ఇదే జరుగుతుంది. ‘ఐ హ్యావ్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ అకౌంట్స్’ అనాల్సిన చోట ‘ఐ హ్యావ్ ఎక్స్‌పీరియన్స్‌డ్ ఇన్ అకౌంట్స్’ అనేవాళ్లను ఎంతమందిని విన్నానో. మీ రెజ్యూమెలో ఈ వాక్యం ఉందేమో ఇవాళే చూసుకోండి.

మీ విషయంలో అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది వేరే చోట ఉంది. ‘హ్యావ్ బీన్’ పక్కన ‘ఫర్’ గానీ ‘సిన్స్’ గానీ పెట్టి ఒక అడ్జెక్టివ్ చెప్పారంటే, ఆ స్థితి అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తోందని ఎదుటివాళ్లు అనుకుంటారు. నేను పెట్టిన ఒక మాక్ ఇంటర్వ్యూలో ఒకమ్మాయి ‘ఐ హ్యావ్ బీన్ రెస్పాన్సిబుల్ ఫర్ పేరోల్ సిన్స్ జనవరి’ అంది. ఎదురుగా కూర్చున్న హెచ్‌ఆర్ అధికారి వెంటనే ‘మీ నోటీస్ పీరియడ్ ఎంత?’ అని అడిగారు. ఆ అమ్మాయి బిత్తరపోయింది. తను ఆ ఉద్యోగం మానేసి అప్పటికే నెల దాటింది. మానేశానని చెప్పగానే ఆ అధికారి చేతిలోని రెజ్యూమె మళ్లీ మొదటి నుంచి తిరగేశారు. అబద్ధం చెప్పాలన్న ఉద్దేశం ఆమెకు ఏ కోశానా లేదు. వాక్యమే ఆమెను ఇంకా ఉద్యోగంలో ఉన్నట్టు చూపించింది.

మీరూ మానేశారు కాబట్టి పాత ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు ‘ఐ వాజ్ రెస్పాన్సిబుల్ ఫర్ వెండర్ పేమెంట్స్’ అనండి. ఉద్యోగంలో ఉంటూనే ఇంకో చోటికి ప్రయత్నించే మీ స్నేహితులు మాత్రం ‘హ్యావ్ బీన్ రెస్పాన్సిబుల్’ అనాలి. వాళ్లు ‘వాజ్’ అంటే మానేశారేమో అనుకుంటారు. ఆరు నెలల గ్యాప్ గురించి అడిగితే రెండు టెన్సులూ కలిపి వాడండి: ‘ఐ లెఫ్ట్ దట్ జాబ్ సిక్స్ మంత్స్ ఎగో. ఫర్ ద లాస్ట్ త్రీ మంత్స్ ఐ హ్యావ్ బీన్ బిజీ విత్ ఎ ట్యాక్సేషన్ కోర్స్’. మానేయడం అయిపోయిన పని, కోర్సు నడుస్తున్న స్థితి. గ్యాప్ గురించి సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు కాకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టు ఉంటుంది.

‘నిన్న’, ‘పోయిన వారం’ లాంటి ముగిసిన కాలం వస్తే హ్యావ్ బీన్ పనికిరాదు. ‘ఐ వాజ్ ఇల్ లాస్ట్ వీక్’, అంతే.

‘హ్యాడ్ బీన్’ అవసరం తక్కువ, కానీ సరైన చోట పడితే వాక్యం చాలా బాగుంటుంది. మీరు చేరక ముందు పరిస్థితి ఎలా ఉండేదో చెప్పడానికి అది పనికొస్తుంది. ‘వెన్ ఐ జాయిన్డ్, ద లెడ్జర్స్ హ్యాడ్ బీన్ ఇన్‌కంప్లీట్ ఫర్ ఫోర్ మంత్స్’. మీరు చేరేనాటికి నాలుగు నెలలుగా లెడ్జర్లు అసంపూర్తిగా ఉన్నాయని ఒక్క వాక్యంలో వచ్చేసింది. ఆ తర్వాత మీరేం చేశారో మామూలు పాస్ట్ టెన్స్‌లో చెప్పుకుంటూ పోవచ్చు. మీ ఏడాదిన్నర అనుభవంలో ఇలాంటిది ఒక్కటైనా జరిగే ఉంటుంది, గుర్తు చేసుకోండి. ‘విల్ హ్యావ్ బీన్’ జోలికి మాత్రం ఈ వారం వెళ్లకండి, ఇంటర్వ్యూలో దాని అవసరం రావడం అరుదు.

స్థితిలో మార్పు చెప్పాలంటే ‘బికమ్’ వాడండి, దాని వి3 కూడా బికమే. ‘ఐ హ్యావ్ బికమ్ మోర్ కాన్ఫిడెంట్’ అంటే ముందు అంత ధైర్యం లేదు, ఇప్పుడు వచ్చింది అని. దీనికి ‘ఫర్ త్రీ మంత్స్’ తగిలించకూడదు, మార్పు వచ్చేసింది కదా. ‘ఎప్పుడూ’ అనాలంటే ‘ఆల్వేస్’ని హ్యావ్‌కీ బీన్‌కీ మధ్యలో పెట్టాలి: ‘ఐ హ్యావ్ ఆల్వేస్ బీన్ కేర్‌ఫుల్ విత్ ఫిగర్స్’. అకౌంట్స్ ఉద్యోగానికి ఇది చెప్పదగ్గ మాట, నిజమైతేనే చెప్పండి.

ఇంకొక చోట చాలామంది జారిపోతారు. ‘సెలెక్టెడ్’, ‘షార్ట్‌లిస్టెడ్’ ముందు కూడా బీన్ కావాలి. అక్కడ మీ స్థితి చెప్పడం లేదు, మీ మీద ఇంకొకరు చేసిన పని చెబుతున్నారు. ‘ఐ హ్యావ్ షార్ట్‌లిస్టెడ్’ అంటే మీరే ఎవరినో షార్ట్‌లిస్ట్ చేశారని అర్థం వస్తుంది. ‘ఐ హ్యావ్ బీన్ షార్ట్‌లిస్టెడ్’ అనాలి.

వచ్చే వారంలోపు పన్నెండు టెన్సులూ మళ్లీ చదవాలని కూర్చోవద్దు. మీ గురించి నిజమైన విషయాలు ఓ ఆరు తెలుగులో రాయండి. ‘ఉన్నాను’, ‘ఉంది’ వచ్చిన ప్రతి చోటా ఆగి, ఇది ఇప్పటికీ ఉందా, ఎప్పటి నుంచి అన్న లెక్క చెబుతున్నానా అని చూసుకోండి. రెండిటికీ అవును అయితే హ్యావ్ బీన్. ఇప్పుడు ఉందని మాత్రమే చెబుతుంటే యామ్ గానీ ఈజ్ గానీ. అయిపోయిందైతే వాజ్. తర్వాత ఆ ఆరు వాక్యాలనూ ఇంగ్లిష్‌లో పైకి, గొంతు వినబడేలా రోజూ చెప్పండి. మనసులో చదువుకుంటే ‘బీన్’ ఉన్నట్టే అనిపిస్తుంది, నోటితో అనేటప్పుడే అది మాయమవుతుంది. మీ గొంతు ఫోన్‌లో రికార్డ్ చేసి వింటే ఎక్కడ మింగేస్తున్నారో తెలిసిపోతుంది. ‘బీన్’ బదులు ‘బీయింగ్’ అంటున్నారేమో కూడా అప్పుడే పట్టుకోవచ్చు.

ఇంత చేశాక కూడా ఆ రోజు ‘ఐ హ్యావ్ ఇంట్రెస్టెడ్’ అని నోరు జారితే కంగారు పడకండి. ‘సారీ, ఐ హ్యావ్ బీన్ ఇంట్రెస్టెడ్’ అని అక్కడికక్కడే దిద్దుకుని వాక్యం పూర్తి చేసేయండి.