సీటు కిందికి ఉంటే చాలా?

ప్రశ్న: బైక్ నేర్చుకుని 3 నెలలైంది. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. సీటు కిందికి ఉంటుందని అందరూ క్రూయిజర్ కొనమంటున్నారు. కొనొచ్చా?

జవాబు: పాదాలు నేలకు పూర్తిగా ఆనితే సగం టెన్షన్ పోతుంది, నిజమే. కానీ క్రూయిజర్ పొడవెక్కువ, బరువెక్కువ. నేర్చుకునే రోజుల్లో ఇరుకు సందులో యూ టర్న్ తిప్పబోయి దాన్ని పడేశాను. ఒక్కదాన్నే లేపలేకపోయాను. పైగా కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం కాబట్టి గుంత వస్తే సీటు మీంచి లేవలేం, కుదుపంతా నడుముకే. స్పోర్ట్స్ బైక్ అయితే ముందుకు వంగి కూర్చోవాలి, మణికట్లు లాగేస్తాయి.

మీరు మామూలు నేకెడ్ బైక్, అంటే ఇంజిన్ చుట్టూ ప్లాస్టిక్ కవర్లు లేని బైక్, చూడండమ్మా. నిటారుగా కూర్చోవచ్చు, వెడల్పు హ్యాండిల్‌తో తేలిగ్గా తిరుగుతుంది. సీటు ఎత్తు ఒక్కటే చూడకండి, ముందు భాగం సన్నగా ఉంటే కాలు ఇంకా బాగా అందుతుంది. రోజూ వేసుకునే బూట్లతోనే ఎక్కి, ఇంజిన్ ఆపి, కాళ్లతో వెనక్కి నెట్టి చూడండి.